దీపమును, లెక్కల పుస్తకమును
(ఫ్లోరెన్స్ నైటింగేల్ జీవితము)

ధ్యాన భాగములు: లూకా 10:30–37, లూకా 15:3–7



మంచి సమరయుని కథ మనకందరికి తెలిసినదే. ఆదివారపు బడి పిల్లలు సహా దానిని తడుముకొనక చెప్పుదురు. అతడు గాయపడినవానిని చూచి జాలిపడుట, కట్లు కట్టుట, తన పశువుమీద ఎక్కించుకొని పోవుట, వీటిని గూర్చి మనము ఎన్నో ప్రసంగములు వింటిమి. అయితే కథ చివరనున్న పూటకూళ్లవానిని గూర్చి మనము అంతగా తలంచము. సమరయుడు రోగిని అతని చేతికి అప్పగించి, ఖర్చునకు రెండు దేనారములిచ్చి, మిగిలినది తాను మరల వచ్చినప్పుడు తీర్చెదనని చెప్పి వెళ్లెను. అనగా అతడు మరల వచ్చును. వచ్చినప్పుడు రెండు సంగతులు చూచును. లెక్క ఎంత అయినది? రోగి ఎట్లున్నాడు?

మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము పట్టణములలో ఇప్పుడు అట్టి పూటకూళ్ల ఇండ్లు అనేకములున్నవి. వాటిని మనము నర్సింగు హోములు అందుము. కాన్పునకైనను, విడువని జ్వరమునకైనను, విరిగిన కాలికైనను పల్లెనుండి బస్సెక్కి అక్కడికే పోవుదుము. బిడ్డలు బెంగుళూరునకు బ్రతుకుతెరువు వెదకికొని పోగా, ఇండ్లలో మిగిలిపోయిన ముసలివారిని చూచుకొను ఆశ్రమములు కూడ అక్కడక్కడ వెలయుచున్నవి. సంఘముగా మనము పోయి, ప్రార్థన చేసి, రొట్టెయు పండ్లును ఇచ్చి వచ్చుచున్నాము. ఇది మంచి పనియే.

కొంతకాలము క్రిందట మేము అట్టి యొక చోట ఒక వృద్ధ సహోదరిని చూడబోతిమి. అక్కడి పనివారు మంచివారు. మమ్మును ఆదరముతో కూర్చుండబెట్టిరి. అయితే ఆమెను ప్రక్కకు త్రిప్పినప్పుడు వీపున పడక పుండ్లు కనబడెను. ఎప్పటినుండి అని అడిగితిమి. ఎవరికిని తెలియలేదు. చివరిసారి ఆమెను త్రిప్పి పరుండబెట్టినదెవరని అడిగితిమి. పగటివారు రాత్రివారనిరి, రాత్రివారు పగటివారనిరి. వ్రాసిపెట్టిన కాగితము లేదు. ఎవరును ఆమెను కసరలేదు, ఎవరును ఆమెను ద్వేషింపలేదు. అయినను పుండు పడెను. జాలి ఉన్నచోట రోగి ఏల చెడిపోవలెను? ఆ దినమునుండి ఈ ప్రశ్న మమ్మును విడువలేదు. దీనికి తన జీవితమంతటితో ఉత్తరమిచ్చిన ఒక స్త్రీని గూర్చి ఈ నెల వ్రాయుచున్నాము. ఆమెయే ఫ్లోరెన్స్ నైటింగేల్.

పిలుపు

ఆమె 1820 మే 12వ తేదీన ఇటలీ దేశమందలి ఫ్లోరెన్సు నగరములో ఇంగ్లీషు తలిదండ్రులకు పుట్టెను. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టిరి. ఇల్లు కలిగిన ఇల్లు. తండ్రి తానే కూర్చుండి కుమార్తెకు గ్రీకు, లాటిను భాషలు నేర్పెను. లెక్కలయందు ఆమెకు చిన్ననాటినుండి ఆసక్తి మెండు. 1837 ఫిబ్రవరి 7న, పదునారేండ్ల ప్రాయములో, దేవుడు తన్ను సేవకు పిలిచెనని ఆమె నమ్మెను. ఏ సేవకో ఆనాడు తెలియలేదు. కొన్నేండ్లకు అది రోగుల సేవయని తేటపడెను. ఇంటివారు ఒప్పుకొనలేదు. ఆ కాలమున ఆసుపత్రులలో రోగులను చూచుకొను స్త్రీలకు చదువు లేదు, శిక్షణ లేదు, మంచి పేరును లేదు. మర్యాదగల ఇంటి పిల్ల అట్టి పనికి పోవుట తల్లికిని అక్కకును తలవంపుగా తోచెను. ఆమె పెండ్లి వద్దని చెప్పి, ఏండ్లకొలది కనిపెట్టుచుండెను.

జర్మనీ దేశములో రైను నది ఒడ్డున కైజర్స్‌వెర్త్ అను ఊరిలో, థియొడోర్ ఫ్లీడ్నర్ అను ప్రొటెస్టంటు పాదిరి 1836లో పరిచారికల గృహమొకటి స్థాపించియుండెను. సామాన్య కుటుంబముల స్త్రీలు అక్కడ రోగులను, అనాథలను, చెరనుండి విడుదలైన స్త్రీలను చూచుకొనుట నేర్చుకొనుచుండిరి. ఫ్లోరెన్స్ 1850లో రెండు వారములును, 1851లో సుమారు మూడు నెలలును అక్కడ నుండెను. అక్కడి వారి భక్తిని ఆమె బ్రదుకంతయు మెచ్చుకొనెను. అయితే అదే నోట మరియొక సంగతియు చెప్పెను: అక్కడ రోగుల పరిచర్య నేర్చుకొనదగినంతగా లేదనియు, శుభ్రత బొత్తిగా చాలదనియు. భక్తి యొకటి, పరిచర్యలో ప్రవీణత మరియొకటి. మొదటిది ఉన్నంత మాత్రమున రెండవది దానంతట రాదని ఆమె కనుగొనెను.

1853 ఆగస్టులో లండనులోని హార్లీ వీధిలో, బీదరికములో పడిన మర్యాదగల స్త్రీలకై నడుచు చిన్న రోగి గృహమునకు ఆమె పెద్ద అయ్యెను. మన ఊళ్లలోని నర్సింగు హోమువంటిదే అనుకొనవచ్చును. జీతము తీసికొనలేదు. పోయిన వెంటనే ఆమె చూచినదేమి? పరిచారికలు నీళ్లకును భోజనమునకును మెట్లు ఎక్కి దిగుటలోనే అలసిపోవుచుండిరి. ఆమె ప్రతి అంతస్తునకు వేడినీళ్ల గొట్టము పెట్టించెను. వంటయింటినుండి భోజనము పైకి చేర్చు యంత్రము అమర్చెను. ఏ రోగి గంట కొట్టెనో తెలియునట్లు ఏర్పాటు చేసెను. కాళ్ల శ్రమ తగ్గెనేని, పరిచారిక రోగి దగ్గర ఉండును. ఆ గృహపు కమిటీవారు తమ శాఖకు చెందిన క్రైస్తవులను మాత్రమే చేర్చుకొనవలెననిరి. రోగమునకు మతభేదము లేదని ఆమె పట్టుపట్టి, కథోలికులను, యూదులను కూడ చేర్చుకొనునట్లు చేసెను. మూడు నెలలకొకసారి జరిగిన పనిని వ్రాసి కమిటీకి సమర్పించుచుండెను.

స్కుటారి

1854లో ఇంగ్లండు, ఫ్రాన్సులు తురక రాజ్యముతో కలిసి రష్యాతో యుద్ధము చేసెను. గాయపడినవారును రోగులును ఓడలమీద ఇస్తాంబూలునకు ఎదుటనున్న స్కుటారికి తేబడుచుండిరి. అక్కడి పెద్ద సైనిక గృహము ఆసుపత్రిగా మార్చబడెను. ఫ్లోరెన్స్ 38 మంది స్త్రీలతో 1854 నవంబరు 4న అక్కడ దిగెను. పక్కలు లేవు, మార్చుకొన బట్టలు లేవు, గిన్నెలు లేవు. ఆమె వంటయిల్లు పెట్టించెను, చాకలి పని జరిపించెను, చొక్కాలు కొనిపించెను, చనిపోవువారి తల్లులకు ఉత్తరములు వ్రాసెను. రాత్రివేళ మడత కాగితపు లాంతరు పట్టుకొని పడకల వరుసల మధ్య నడిచెను. దీపము పట్టిన స్త్రీయని లోకము ఆమెను కొనియాడెను. మన బడి పుస్తకములలో కథ సాధారణముగా ఇక్కడ ముగియును.

అయితే, ప్రియులారా, ఆమె జీవితములోని గొప్ప సంగతి దీని తరువాతనే గలదు.

ఆమె అంత శ్రమపడుచున్నను మరణములు తగ్గలేదు, పెరిగెను. ఆ మొదటి శీతకాలములో స్కుటారిలో నాలుగు వేలమందికి పైగా సైనికులు చనిపోయిరి. 1855 ఫిబ్రవరిలో చికిత్సకు వచ్చిన వారిలో నూటికి 42 మంది చనిపోయిరని లెక్క. వారిలో ఎక్కువమంది గాయములచేత చావలేదు; కలరా, విరేచనములు, టైఫసు జ్వరము వారిని చంపెను. ఆ గృహము మురుగు కాలువలమీద నిలిచియుండెను, నీటి కాలువలో చచ్చిన గుఱ్ఱపు కళేబరము పడియుండెను, గాలి ఆడదు, మనుష్యులు కిక్కిరిసియుండిరి. మార్చి నెలలో ఇంగ్లండునుండి పారిశుద్ధ్య కమిషనువారు వచ్చి కాలువలు కడిగించి, గాలి వచ్చునట్లు చేసి, గోడలకు సున్నము కొట్టించిరి. జూను నాటికి చావులు నూటికి 2కు దిగెను.

ఆ సమయమున ఆమె దీని భావమును పూర్తిగా గ్రహింపలేదు. తిండి చాలక, చలికి తాళలేక, చివరి గడియలో తేబడుటచేతనే వారు చనిపోయిరని ఆమె తలంచెను. 1856లో ఇంటికి తిరిగి వచ్చెను. దేశమంతయు ఆమెను పొగడుచుండెను. ఆమె మాత్రము ఊరేగింపులు వద్దని, ఎవరికిని తెలియకుండ ఇల్లు చేరి, లెక్కల పుస్తకములు తెరచెను. జనన మరణముల లెక్కలలో ప్రవీణుడగు విలియం ఫార్ ఆమెకు తోడైయుండెను. ఏ ఆసుపత్రిలో, ఏ నెలలో, ఏ కారణముచేత, ఎందరు చనిపోయిరో వారిద్దరు వరుసగా పేర్చిరి. అప్పుడు సత్యము బయలుపడెను. యుద్ధభూమి చెంతనున్న చిన్న ఆసుపత్రులలోకంటె, తాను దీపము పట్టుకొని తిరిగిన స్కుటారిలోనే మరణములు ఎక్కువ. బ్రదుకవలసిన వారు ఆ కిక్కిరిసిన మురికి గోడల మధ్య చనిపోయిరి.

ఇట్టి సంగతి కనుగొన్నప్పుడు మనమైతే ఏమి చేయుదుము? పుస్తకము మూసి ఊరకుందుమేమో. లోకము పొగడుచుండగా తన చేతిక్రింద జరిగిన నష్టమును ఎవరు చెప్పుకొందురు? ఆమె మూయలేదు. స్కుటారి లెక్కలను తన నివేదికలో చేర్చి, 1858లో అచ్చువేయించి, అధికారులకును పెద్దలకును పంపెను. లెక్కలు చదువనివారికి కూడ తెలియవలెనని రంగుల చిత్రములు గీయించెను: నివారింపదగిన రోగములచేత చచ్చినవారికి నీలిరంగు, గాయములచేత చచ్చినవారికి ఎఱుపు, ఇతర కారణములకు నలుపు. ఆ చిత్రములో నీలిరంగు మిగిలిన రెంటిని మ్రింగివేసినట్లు కనబడును. అటుపిమ్మట సైనికుల గృహములు, ఆసుపత్రులు బాగుచేయుటకు ప్రభుత్వము పూనుకొనెను.

తప్పిపోయిన గొఱ్ఱె కథ మన సీమలోని కాపరులకు బాగుగా అర్థమగును. నూరు గొఱ్ఱెలలో ఒకటి తప్పినదని ఆ కాపరికి ఎట్లు తెలిసెను? సాయంకాలమున లెక్కపెట్టెను గనుక తెలిసెను. లెక్కపెట్టని కాపరికి మందమీద ప్రేమ ఎంత ఉన్నను, తప్పిపోయినది తెలియదు, తెలియనిదానిని వెదకబోడు. లెక్క ప్రేమకు విరోధి కాదు. లెక్క ప్రేమకు కన్ను.

తన పనిని తానే ఆపినది

ప్రజలు ఆమె పేరట సుమారు 45,000 పౌనుల నిధి కూర్చిరి. దానితో 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో పరిచారికల బడి స్థాపించెను. మొదట చేరినవారు 15 మంది. ప్రతి విద్యార్థినియొక్క నడతయు పనియు నెలనెలకు ఒక పట్టికలో వ్రాయబడుచుండెను.

ఆ కాలమందే ఆమె పరిచర్యను గూర్చి సామాన్య స్త్రీలకొరకు చిన్న పుస్తకము వ్రాసెను. రోగికి పడక పుండు పడెనేని, అది చాలమట్టుకు రోగముయొక్క దోషము కాదు, పరిచర్యయొక్క దోషమని ఆమె అందులో తేటగా చెప్పెను. వెంటనే, తప్పు ఎల్లప్పుడు పరిచారికదే కాదనియు చెప్పెను. ఇల్లు చెడ్డదైనను, ఏర్పాటు చెడ్డదైనను, ఎంత మంచి పరిచారికకైనను పరిచర్య చేయ సాధ్యము కాదు. నీవు ఉన్నప్పుడు జరుగునది, నీవు లేనప్పుడు కూడ జరుగునట్లు ఏర్పాటు చేయుటయే పెద్దరికమని ఆమె బోధ. మేము చూచిన ఆ వృద్ధ సహోదరి సంగతి ఇందులో పూర్తిగా ఉన్నది. పగటివారి జాలి సాయంకాలము ఇంటికి పోయెను. దానిని రాత్రివారి చేతికి అందించు కాగితము లేకపోయెను.

తరువాత లండనులోని కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో మంత్రసానులకు నేర్పుటకై ఆమె నిధితో కాన్పుల వార్డు నడిచెను. అక్కడ బాలింతలు సూతికా జ్వరముచేత చనిపోవుచున్నట్లు కనబడగా, 1867లో ఆ వార్డు మూయబడెను. ఆమె అంతటితో విడువలేదు. కాన్పుల ఆసుపత్రుల లెక్కలు అనేక చోట్లనుండి తెప్పించి, ఇండ్లలో కాన్పయిన తల్లులకంటె ఆసుపత్రులలో కాన్పయినవారే ఆనాడు ఎక్కువగా చనిపోవుచున్నారని 1871లో పుస్తకము ప్రకటించెను. ఇప్పుడు చేతులు కడుగుట, పనిముట్లు కాచుట, మంచి మందులు వచ్చినందున ఆసుపత్రి కాన్పే క్షేమము. అయితే తాను మొదలుపెట్టిన పనిలోనే హాని కనబడినప్పుడు, దానిని ఆపి, ఏలయని అడిగి, అందరికి చెప్పిన ఆమె ధైర్యము నేటికిని మనకు కావలెను.

ముసలివారు, దిక్కులేని బీదలు చేరు ధర్మశాలల సంగతి కూడ ఆమె మరువలేదు. లివర్‌పూలు నగరమందలి అట్టి ధర్మశాల ఆసుపత్రికి 1865లో ఆగ్నెస్ జోన్స్ అను శిష్యురాలు 12 మంది పరిచారికలతో పోయెను. అంతకు ముందు అక్కడ రోగులను చూచుకొనుచున్నవారు ఆ ధర్మశాలలోని నిరుపేద స్త్రీలే, శిక్షణ లేదు. ఆగ్నెస్ 1868లో, 35 ఏండ్ల వయస్సున, టైఫసు జ్వరముచేత అక్కడనే చనిపోయెను. డబ్బిచ్చువారికి ఎట్టి పరిచర్య తగునో, దిక్కులేనివారికి అట్టిదే తగునని ఈ స్త్రీలు చూపిరి.

మన సీమతో సంబంధము

సికింద్రాబాదు తిరుమలగిరిలోని పాత సైనిక ఆసుపత్రిలో ఆమె పనిచేసెనని చెప్పుకొనువారు గలరు. అది నిజము కాదు. ఆమె మన దేశమున అడుగు పెట్టలేదు. అయితే దాదాపు నలువది ఏండ్లు మన దేశముకొరకు వ్రాసెను. 1859లో భారత సైనికుల ఆరోగ్యమును విచారించుటకు కమిషను ఏర్పడగా, ప్రతి స్థావరమునకు పంపవలసిన ప్రశ్నలను ఆమె తయారుచేసెను. నీరు ఎక్కడిది? మురుగు ఎటు పోవును? ఒక గదిలో ఎందరు నిద్రింతురు? మనకు దగ్గరనున్న బళ్లారియు ఆనాడు పెద్ద సైనిక స్థావరమే. వచ్చిన జవాబులు చదువగా, ఈ దేశములోని ఇంగ్లీషు సైనికులు ఏటా వెయ్యికి 69 మంది చనిపోవుచున్నట్లు తేలెను. పనులు సాగిన పిమ్మట, 1873లో ఆ లెక్క 18కి దిగెనని ఆమె ప్రకటించెను. అంతట సైనికులను విడిచి ఆమె దృష్టి గ్రామములమీద పడెను.

1876 మొదలు 1878 వరకు మన సీమను ధాత కరువు పీడించెను. అప్పుడు అనంతపురము జిల్లా ఇంకను ఏర్పడలేదు. అది 1882లో ఏర్పడెను. మన పెనుకొండ, ధర్మవరము, హిందూపురము ప్రాంతములు బళ్లారి జిల్లాలోనివి. ఆ కరువు మిక్కిలి కొట్టిన జిల్లాలలో బళ్లారి యొకటి. మంచము పట్టియున్న ఆ స్త్రీ లండనులోని తన గదిలో చచ్చినవారి లెక్కలు చదివి, చెరువులు కాలువలు కావలెననియు, రైతు అప్పుల ఊబినుండి బయటపడవలెననియు 1878లో గట్టిగా వ్రాసెను. ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ గారి వాదనను ఆమె బలపరచెను.

శిక్షణతో కూడిన పరిచర్య మన తెలుగు నేలమీద కూడ నాటుకొనెను. అమెరికా లూథరను మిషను డాక్టరమ్మ అన్నా కుగ్లర్ గారు 1883లో గుంటూరు వచ్చి, 1898లో స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరచి, అక్కడ మన ఆడబిడ్డలకు నర్సు పని నేర్పించి, 1930లో ఆ ఊరనే ప్రభువునందు నిద్రించిరి. ఈనాడు మన పల్లెలలోని ఎందరో బిడ్డలు తెల్లబట్టలు ధరించి దూర దేశములలో పనిచేయుచున్నారంటే, ఇట్టి స్త్రీలు వేసిన బాటయే గదా.

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1910 ఆగస్టు 13న, తొంబది ఏండ్ల వయస్సున, లండనులో కన్నుమూసెను. రాజులను పాతిపెట్టిన వెస్ట్‌మినిస్టరు దేవాలయములో చోటిత్తుమనగా, ఆమె కోరిక ప్రకారము బంధువులు వద్దని, ఈస్ట్ వెల్లో అను పల్లె గుడి చెంత సమాధి చేసిరి. రాతిమీద ఆమె పేరు లేదు. రెండు పొడి అక్షరములును, పుట్టిన గిట్టిన తేదీలును మాత్రమే.

మనము చేయదగినది

ధర్మవరము మగ్గముమీద పట్టుచీర నేయువానిని చూడుడి. పడుగులో పోగు తెగెనేని అతడు వెంటనే ఆపి, తెగినచోటు వెదకి, ముడివేసి మరల నేయును. కండె చుట్టిన పిల్లను తిట్టి నేత సాగించినయెడల చీర బాగుపడునా? పిల్ల భయపడి, రేపు పోగు తెగినను చెప్పదు. మన రోగి గృహములలోను అంతే. తప్పు చెప్పిన నర్సమ్మను పని మాన్పించిన చోట, ఇక తప్పులు వినబడవు; రోగి వీపున మాత్రము కనబడును.

కాబట్టి నర్సింగు హోములు, ఆశ్రమములు నడుపు మన విశ్వాసులకు మా మనవి ఇది. ప్రతి పడక యొద్ద ఒక కాగితము వ్రేలాడనీయుడి: రోగిని ఎప్పుడు త్రిప్పిరి, ఏమి తినెను, ఏ మందు ఎవరు ఇచ్చిరి. ఒకరు దిగి మరియొకరు పనికి ఎక్కునప్పుడు ఇద్దరు కలిసి ప్రతి రోగిని చూడుడి. నెలకొకసారి డాక్టరు మొదలుకొని ఊడ్చు అమ్మ వరకు అందరు కూర్చుండి, ఈ నెల ఎవరికి హాని కలిగెను, ఏలయని నిందింపక విచారించుడి. ఊడ్చు అమ్మ చూచినది డాక్టరు చూడకపోవచ్చును.

సంఘస్థులకు మనవి ఇది. రోగిని చూడబోయినప్పుడు ప్రార్థనతో పాటు కన్నులు కూడ తెరచి చూడుడి. వీపు చూడుడి, మంచినీళ్లు చేతికి అందునో లేదో చూడుడి. పుండు కనబడినచో కోపపడక, మెల్లగా అడుగుడి. వచ్చే వారము మరల పోయి చూడుడి. ఒక్కసారి పోవుట దర్శనము; మరల పోవుట సమరయుని మార్గము. మన ఇంటనే మంచముపట్టిన అవ్వ ఉన్నయెడల, ఆ కాగితము మన గోడకే మొదట తగిలింపవలెను.

మేము ఆ వృద్ధ సహోదరి యొద్దకు మరల పోతిమి. గోడకు పలక యొకటి తగిలించియుండెను. రెండు గంటలకొకసారి త్రిప్పినట్లు సుద్దతో గీతలు ఉండెను. రాత్రి గీతలు రెండు తప్పినవి. వాటిని చెరిపివేయక అట్లే ఉంచిరి. దానిని చూచి మేము దేవుని స్తుతించితిమి. ఏలయనగా, తప్పిన గీత కనబడిన చోట, దానిని సరిచేయు చేయి కూడ లేచును.

సమరయుడు మరల వచ్చును. ఆయన మన చేతికి అప్పగించినవారు ఎట్లున్నారని అడుగును. ఆ దినమున మన దీపమును, మన లెక్కల పుస్తకమును ఆయన యెదుట జంకక తెరచి చూపగలుగునట్లు ప్రభువు మనకు కృప అనుగ్రహించును గాక. ఆమేన్.